సేవా శిబిరంలో వారికీ చోటు

బళ్లారిలోనో, హోసూరులోనో, బరంపురంలోనో మీ పిల్లలు కాలేజీలో చదువుతుంటే జాతీయ సేవా పథకం పేరు వినే ఉంటారు. 1969లో మొదలైంది. ఏడాదికి 120 గంటల సేవ, ఆపైన ఏడు రోజుల ప్రత్యేక శిబిరం.

సేవ అనగానే మనకు పలుగూ పారే గుర్తొస్తాయి. అందుకే కాలు సరిగా లేని కుర్రాణ్ణి "నీకెందుకు బాబూ ఈ శ్రమ" అని పక్కన కూర్చోబెడతారు. ఇంటింటి సర్వే లెక్కలు రాయడం, రక్తదానానికి వచ్చినవారి పేర్లు నమోదు చేయడం కూడా సేవే కదా!

శిబిరానికి బడి చూసేటప్పుడే మెట్ల పక్కన వాలుదారి ఉందా, మరుగుదొడ్డిలోకి చక్రాల కుర్చీ పడుతుందా చూడాలి. వినికిడి లేనివారికి మరునాటి పని బోర్డుమీద రాసిపెట్టాలి. సుద్దముక్క ఖర్చు, అంతే. విద్యాసంస్థలు తగిన సౌకర్యాలు కల్పించాలని 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టమే చెబుతోంది. పేర్లు రాసుకునే రోజునే ప్రోగ్రాం అధికారిని అడగండి.