జనాభా లెక్కలలో మన పూర్వులు

(పాఠశాల వార్షికోత్సవ సభలో ప్రధానోపాధ్యాయులు చేసిన ప్రసంగ పాఠము)



ఏటేట ఈ సభలో పరీక్షా ఫలితములను గూర్చియు, గదుల మరమ్మతులను గూర్చియు మేము విన్నవించుకొనుట పరిపాటి. ఆ సంగతులు నివేదికలో చదివితిమి. ఇప్పుడు వేరొక విషయమును మీతో ముచ్చటింప దలచితిమి.

ఈ సంవత్సరము ఎనిమిదవ తరగతి పిల్లలను తమ తమ వంశవృక్షములు వ్రాసి తెమ్మంటిమి. తాతగారి పేరు అందరును వ్రాసిరి. ముత్తాతగారి పేరు కొందరే వ్రాసిరి. ఆపై గడులన్నియు ఖాళీగా నుండెను. ఒక బాలుని "నీ యింటిపేరేమి నాయనా?" అని అడుగగా "కె, సార్" అని బదులు చెప్పెను. ఆ ఇంగ్లీషు అక్షరము వెనుక నున్న పేరేదో వానికి తెలియదు. మరునాడు వాని తండ్రిగారు బడికి వచ్చి, "మాస్టారూ, మా నాన్నగారు నా చిన్నతనముననే పోయినారు. చెప్పువారు లేరు. సర్కారువారి పాత జనాభా లెక్కలు వెదకినచో మా పెద్దల పేర్లు దొరకునా?" అని అడిగిరి. అప్పుడు వారికి సరియైన సమాధానము చెప్పలేకపోతిమి. పిమ్మట విచారించి తెలిసికొన్న విషయములనే నేడు మనవి చేయుచున్నాము.

మద్రాసు రాజధానిలో 1871 నవంబరు 15వ తేదీన జనాభా లెక్క తీసిరి. మూడుకోట్ల పన్నెండు లక్షలకు పైగా జనము తేలిరి. దేశమంతటను ఒకే సమయమున లెక్కించుట 1881 ఫిబ్రవరి 17వ తేదీతో ఆరంభమైనది. నాటినుండి 2011 వరకు పదేండ్ల కొకమారు తప్పక జరిగినది. మన బరంపురము, గంజాము జిల్లా, 1936 ఏప్రిల్ 1వ తేదీన ఒరిస్సా ప్రత్యేక రాష్ట్రముగా ఏర్పడువరకు మద్రాసు రాజధానిలోనివే. కావున 1931 వరకు మన ఊళ్ల లెక్కలను కటకమువారి సంపుటములలో గాక మద్రాసువారి సంపుటములలో వెదకవలెను. ఈ సంగతి తెలియక తప్పుదారి పట్టువారు పలువురు.

వెదకినచో ఏమి దొరకును? జిల్లాలో, తాలూకాలో ఎందరు పురుషులు, ఎందరు స్త్రీలు, ఏ వయస్సువారెందరు, ఏ వృత్తివారెందరు, అక్షరజ్ఞానము గలవారెందరు అను అంకెలు దొరకును. పేర్లు మాత్రము దొరకవు. ఇంటింటికి తిరిగి గణకులు వ్రాసిన కాగితములలో పేర్లుండెను. ఆడువారి పేరు చెప్పుటకు ఇంటివారు సంకోచించినచో పేరునకు బదులు 'స్త్రీ' యని వ్రాసికొనుటకు గణకులకు అనుమతి యుండెను. అంకెలు కూడిన పిమ్మట ఆ కాగితములను భద్రపరచు ఆచారము లేకపోయెను. నేటి లెక్కల కాగితములనైనను 1948 నాటి జనగణన చట్టము ప్రకారము ఎవరును చూడ వీలులేదు. అవి కోర్టులో సాక్ష్యముగను చెల్లవు.

ఇంగ్లండులో వేరు పద్ధతి గలదు. అచ్చట 1841 మొదలు పేర్లతో కూడిన కాగితములను దాచి, నూరేండ్లు గడచిన పిదప ప్రజలకు చూపుదురు. 1921 నాటివి 2022లో బయటపెట్టిరి. ఒక తోటమాలి మునిమనుమడైనను తన ముత్తాత ఏ వీథిలో నుండెనో చదువుకొనవచ్చును.

మనవారిలోను అట్టి భాగ్యము కొందరికి గలదు. వారెవరో వినినచో మీకు వింత తోచును. 1860లో 'ట్రూరో' అను ఓడ మద్రాసునుండి కూలీల నెక్కించుకొని నవంబరు 16న దక్షిణాఫ్రికాలోని డర్బను చేరెను. అది మొదలు 1911 వరకు నేటాలునకు వెళ్లిన ప్రతి కూలీ పేరు, తండ్రి పేరు, వయస్సు, కులము, ఊరు, జిల్లా, ఒంటిమీది పుట్టుమచ్చలతో సహా జాబితాలలో నెక్కినవి. గంజాము, విశాఖపట్టణము జిల్లాలవారును అందులో గలరు. చెరకుతోటలకు కట్టుకూలీలుగా పోయినవారి సంతతి తమ ముత్తాత ఊరును కాగితముపై చూచుకొనుచున్నారు. ఊరు విడువక నిలిచినవారి సంతతియగు మనకు ఆ కాగితము లేదు. కూలీని లెక్క పెట్టినవాడు దయతో పెట్టలేదు, ఒప్పందము కొరకు పెట్టెను. ఐనను ఆ వ్రాత నేడు వారికి ఆస్తియైనది.

అట్లయిన ఆ అంకెలు మనకు పనికిరానివా? అట్లనుకొనరాదు. 1881లో గణకుడు మాతృభాష యేది యని అడిగెను. 1891లో తలిదండ్రుల భాష యేది యని అడిగిరి. 1901లో ఇంట వాడుక భాష యేది యని మార్చిరి. 1931లో మరల మాతృభాష యనిరి. మన బరంపురము వంటి ఊరిలో, ఇంట తెలుగును వీథిలో ఒడియాయు మాటలాడు కుటుంబము, ప్రశ్న మారినకొలది ఒకమారు ఒక గడిలోను మరియొకమారు వేరు గడిలోను పడియుండుటకు అవకాశము గలదు.

ఆ గడుల విలువ 1931లో తెలిసినది. ఒరిస్సా సరిహద్దులు నిర్ణయించుటకు ఓడొనెల్ అధ్యక్షతన సంఘమును వేసినప్పుడు ఈ భాషాసంఖ్యలే వాదమునకు మూలమాయెను. గంజాములో ఒడియావారిని తెలుగువారిగా వ్రాసిరని ఫిర్యాదులు వచ్చెను. పర్లాకిమిడి జమీందారీని చీల్చి గీత గీసిరి. మన తాతల పేర్లు మరుగైనను, వారు చెప్పిన ఒక్క మాట ఆ గీతను గీచినవారి యెదుట నిలిచినది.

ఇక పేర్లెక్కడ దొరకును? ఇంటిలో నున్న పాత దస్తావేజులు మొదట తీయుడు. వానిలో తండ్రి పేరు, ఊరు, సరిహద్దుల వివరము లుండును. ఇల్లో పొలమో కొన్నవారైనచో రిజిస్ట్రారు కచేరీలో సూచికలు గలవు. ఇనాము భూములున్న కుటుంబములకు 1860 ప్రాంతపు ఇనాము రిజిస్టర్లు మిగుల ఉపకరించును. పూరీలోను, కాశీలోను, గయలోను పండాల యొద్ద యాత్రికుల వహీలు గలవు. ఊరు, ఇంటిపేరు చెప్పినచో వారు వెదకుదురు. తర్పణము విడుచు ఇండ్లలో తండ్రి, తాత, ముత్తాత మూడు పేర్లు నోటనే యుండును. పాత పాఠశాలల అడ్మిషన్ రిజిస్టర్లను మరువకుడు. మన బడిలోని రిజిస్టర్లను ఏ కుటుంబమువారు వచ్చి అడిగినను, తమ వారి పుటను చూపుటకు మేము సిద్ధముగా నున్నాము. వీని యన్నింటికిని తాళపుచెవి ఇంటిపేరే. దానిని ఒక ఇంగ్లీషు అక్షరముగా కుదించినచో తాళము తెరచుట యెట్లు?

చివరకు మా తప్పును ఒకటి చెప్పుకొందుము. 2011లో మా యింటికి వచ్చిన గణకుడు తొందరలో నుండి, భాషను గూర్చి అడుగకయే ఏదో వ్రాసికొనెను. ఏమి వ్రాసితివని మేమును అడుగలేదు. కాఫీ ఇచ్చి పంపితిమి. తెలుగు బడి పంతులు ఇల్లు ఏ భాష క్రింద లెక్కకు వచ్చినదో నేటికిని మాకు తెలియదు. పిల్లలకు మాతృభాషను గూర్చి పాఠము చెప్పునపు డెల్ల ఆ సంగతి మనస్సున మెదలుచుండును.

2021లో జరుగవలసిన లెక్క వాయిదా పడినది. 2027 మార్చి 1వ తేదీని ఆధారముగా గొని జరుపుదుమని ప్రభుత్వము 2025లో ప్రకటించినది. గణకుడు మీ యింటికి వచ్చినప్పుడు నిలిచి వినుడు. మాతృభాష యనగా చిన్నతనమున తల్లి బిడ్డతో మాటలాడిన భాష యని లెక్కలవారి నిర్వచనమే చెప్పుచున్నది. అది తెలుగైనచో తెలుగని చెప్పుడు. తెలిసిన యితర భాషల గడిలో ఒడియాను సగౌరవముగా వ్రాయింపుడు. ఈ నేల మనకు అన్నము పెట్టినది, ఆ భాష మన పిల్లలకు కావలసినదే. ఉన్నది ఉన్నట్లు చెప్పుడనియే మా ప్రార్థన. 1956లో రాజ్యాంగమున చేరిన 350ఎ అధికరణము అల్పసంఖ్యాక భాషలవారి పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో చదువు చెప్పు వసతి కల్పింపవలెనని చెప్పుచున్నది. ఎందరు పిల్లలని అడిగినప్పుడు మనము చూపవలసినది ఆ అంకెనే.

సర్కారు అంకెను దాచును. పేరును దాచుట మన పని. నేడు ప్రతి బాలునికి ఒక నోటుపుస్తకము ఇచ్చి పంపుచున్నాము. ఇంటిపేరు పూర్తిగా, తండ్రి తాతల పేర్లు, తల్లి పుట్టినింటిపేరు, అమ్మమ్మ నాయనమ్మల పేర్లు, ఏ యూరినుండి యెప్పుడు వచ్చితిరో అందులో వ్రాయింపుడు. ఆడువారి పేర్లు విడువవలదు. 'స్త్రీ' యని వ్రాసిన కాలము చాలును. ఇంట పెద్దవారున్నచో ఈ వేసవిలోనే అడుగుడు. వచ్చు వేసవికి ఎవరుందురో ఎవరికెరుక?

ఆ బాలుని తండ్రిగారు తమ మేనత్తను చూచుటకు ఇచ్ఛాపురము వెళ్లి వచ్చిరి. 'కె' యనగా ఏమో ఆమె చెప్పినది. బాలుడు తన ఖాళీ గడులలో రెండింటిని నింపి తెచ్చి మాకు చూపెను.