రైలులో నోరు తెరిచి అడగాలి
(సంఘ వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



మేము ఉర్దూ మీడియం పంతుళ్ళం. తెలుగులో తప్పులు దొర్లితే మన్నించాలి. ఈరోజు మనమందరం ఎక్కే రైలు గురించి రెండు మాటలు చెప్పదలిచాము.

కొన్నేళ్ళ క్రితం మా మేనకోడలి నికాహ్‌కు రాత్రి బండిలో బయలుదేరాము. తెల్లవారుజామున చూస్తే మా ఆవిడ తలకింద పెట్టుకున్న సంచి లేదు. పెళ్ళికూతురికి పెట్టవలసిన కమ్మలు అందులోనే ఉన్నాయి. కంగారులో పిల్లలతో సహా వచ్చిన స్టేషనులో దిగిపోయాము. బండి వెళ్ళిపోయింది. ఒక ఆఫీసులో అడిగితే ఇంకో ఆఫీసు చూపించారు. అక్కడ "సంచి పోయింది మా హద్దులో కాదు" అన్నారు. మధ్యాహ్నం దాకా బెంచీ మీదే కూర్చున్నాము. కమ్మలూ పోయాయి, నికాహూ అందలేదు.

అసలు మేము దిగనవసరమే లేదని తర్వాత తెలిసింది. ఫిర్యాదు ఫారం టి.టి.ఇ. దగ్గర, గార్డు దగ్గర, బండిలో కాపలా వచ్చే పోలీసు దగ్గర ఉంటుంది. నింపి ఇస్తే ముందు వచ్చే రైల్వే పోలీసు స్టేషనుకు అందజేస్తారు. మన ప్రయాణం ఆగదు. 139కి ఫోన్ చేసినా సహాయం దొరుకుతుంది.

ఇంకొకటి గమనించండి. ఆర్.పి.ఎఫ్. వారు కేంద్రం వారు. రైల్వే ఆస్తినీ ప్రయాణికులనూ కాపాడటం వారి పని. దొంగతనం, కొట్లాట వంటి కేసులు రాసుకుని విచారించేది జి.ఆర్.పి. వారు, అంటే మన రాష్ట్ర పోలీసులే. ఇక హద్దు మాట. 2024 జులై 1న అమలులోకి వచ్చిన కొత్త చట్టం 173వ సెక్షను ప్రకారం నేరం ఎక్కడ జరిగినా ఏ స్టేషనులోనైనా ఫిర్యాదు తీసుకోవాలి. ఎఫ్.ఐ.ఆర్. నకలు ఉచితంగా ఇవ్వాలి.

"మాస్టర్ సాబ్, పోలీసును పిలవాలంటేనే భయం" అంటారు మనవాళ్ళు. ఆ భయం ఉత్తదని మేము అనము. 2023 జులై 31న జైపూరు–ముంబయి రైలులో ఒక ఆర్.పి.ఎఫ్. కానిస్టేబులు జరిపిన కాల్పులలో ముగ్గురు ముస్లిం ప్రయాణికులు చనిపోయారు. వారిలో ఒకరు హైదరాబాదులో కాపురమున్నవారు. కాని అదే రోజు అతని చేతిలో ప్రాణం పోగొట్టుకున్న నాలుగో మనిషి డ్యూటీలో ఉన్న అతని పై అధికారే. ఆ కానిస్టేబులును ఉద్యోగం నుంచి తీసేశారు, కేసు నడిపారు. ఒకడి నేరం చూసి మనం నోరు మూసుకుంటే మన ఫిర్యాదు ఎవరు రాస్తారు?

మన ఆడపడుచులు చాలామంది ఫారం చూస్తేనే వెనక్కి తగ్గుతారు, తెలుగు రాయడం రాదని. అందుకే ప్రతి ఆదివారం అసర్ నమాజు తర్వాత సంఘం ఆఫీసులో మేము కూర్చుంటాము. ఫిర్యాదు ఎట్లా రాయాలో నేర్పుతాము. పిల్లలనూ తీసుకురండి. మా ఇంట్లో జరిగిన నష్టం ఇంకొకరి ఇంట్లో జరగకూడదనే మా ఆరాటం.