చాప మీది పొరుగువాడు

1911లో అక్కిరాజు ఉమాకాంతముగారు పరిష్కరించి ప్రకటించిన శ్రీనాథుని ‘పల్నాటి వీరచరిత్ర’లోని ద్విపదను గూర్చి ఈ తెరసభలో మాటలాడుమని నన్ను కోరినారు గాని, ఇందాక తెరమీద కనిపించుచున్న ఒక ప్రవాస మిత్రులు, చాపకూడు పెట్టిన జాతి మనది, కులభేదములేవియు సముద్రము దాటి రాలేదు అని సెలవిచ్చినది మొదలు నా మనస్సు ద్విపదమీద నిలుచుట లేదు.

ఆ వీరచరిత్రలో మంత్రియైన బ్రహ్మనాయుడు సర్వకులములవారిని ఒక్క చాపపై భుజింపజేసిన చాపకూటి కథయు, మాల కన్నమదాసును సేనానిగా నిలిపిన కథయు మనకు కొత్తవి కావు. పల్నాటిలోని కారెంపూడిలో కార్తికామావాస్యకు మొదలై అయిదు దినములు సాగు వీరారాధనలో, మందపోరు అను దినమున, ఆ చాపకూడు నేటికిని జరుగుచున్నది. అక్కడ ఒక యేడు మాలపల్లె నుండి వచ్చిన పెద్దాయన ఒకరు నాతో ముచ్చటించినారు.

“నా పక్కన కూచున్నాడే, మా ఊరి మోతుబరి. ఏటా ఇట్లాగే కూచుంటాడయ్యా. పోయినేడు మా పెద్దపిల్ల పెళ్ళికి పిలిస్తే వచ్చాడు. కుర్చీ వేస్తే కూచున్నాడు. అన్నానికి లేవమంటే మాత్రం కడుపు బాగాలేదన్నాడు. సోడా తాగి, కట్నం చదివించి పోయాడు.”

మీకు కోపము రాలేదా యని అడిగితిని. నవ్వినారు. “వాళ్ళ నాయన పల్లె మొగన నిలబడి పనికి కేకేసి పోయేవాడు. ఈయన పందిట్లోకి వచ్చాడు గదా. చిన్నదాని పెళ్ళికీ పిలుస్తా. ఎన్నిసార్లని కడుపు బాగుండదు?”

చాపకూటిలో పెట్టువారు వీరులు. అది ప్రసాదము గనుక, పక్కవానికి ఎవరును ఋణపడనక్కరలేదు. పెండ్లిపందిరిలోనో మాలపల్లె గృహస్థుని యెదుట అతిథియై విస్తరి ముందు కూర్చుండవలెను. పెద్దకులమువానికి దుష్కరమైనది ఈ అతిథి యగుటయే. అయినను ఆ చాపయే లేకున్నచో పిలుచుటకు ఆ పెద్దాయనకు చొరవయు, వచ్చుటకు మోతుబరికి మొగమాటమును ఉండెడివి కావేమో.

ఇక సముద్రము సంగతి. భేదములు దాటి రానిచో 2023లో అమెరికాలోని సియాటిల్ నగరసభ కులవివక్షను నిషేధించుచు శాసనము చేయవలసిన పని యేమి? అదే కార్తికమున మన యూళ్ళలో వనభోజనములు కులసంఘములవారీగా జరుగుట మీరెరుగనిది కాదు. అక్కడ మీ వనభోజనములకు పిలుపులు ఎవరెవరికి వెళ్ళుచున్నవో ఆ మిత్రులే చెప్పవలెను. వారి మైకు మూసియున్నట్లున్నది. తెరచులోపల ద్విపద సంగతి చూతము.