మార్పును తెలియజేయు మర్యాద

జేబులోని ఫోను నిశ్చలముగా పడియున్నట్లు కనబడును గాని, లోపల దాని స్థితి క్షణక్షణము మారుచునే యుండును. బ్యాటరీ తగ్గుచుండును, చార్జరు తగిలించినచో పెరుగును. వీధి మలుపు తిరుగగానే ఇంటిలోని వైఫై తెగిపోయి, దాని స్థానమున మొబైల్ డేటా అందివచ్చును. తెర ఆరిపోవును. మెమరీలో చోటు నిండుకొనును. ఈ మార్పులను మొట్టమొదట ఎఱుగునది ఆపరేటింగ్ సిస్టమ్. దానిపై ఆధారపడి పనిచేయు అప్లికేషనులకు తమంత తాముగా ఏమియు తెలియదు. ఉత్తరములు వ్రాయించునదియు, పాటలు వినిపించునదియు, బ్యాంకు లెక్కలు చూపునదియు, అన్నియు ఆపరేటింగ్ సిస్టమ్ ద్వారానే సంగతి తెలిసికొనవలెను. అది తెలియజేయు పద్ధతి ఎట్లుండవలెనన్నదే నేటి ప్రసంగ విషయము. వినుటకు స్వల్పముగా తోచును. కాని, ఈ పద్ధతి సరిగా లేనిచో గంటసేపు శ్రమపడి వ్రాసినది మాయమగును. ఉదయము నిండుగా నున్న బ్యాటరీ మధ్యాహ్నమునకే అడుగంటును.

మార్పును తెలిసికొనుటకు మార్గములు రెండు. అడుగుచుండుట ఒకటి, చెప్పించుకొనుట మఱియొకటి. టపా వచ్చినదేమోయని నిమిషమున కొకమారు వీధి గుమ్మములోనికి పోయి చూచువాడు మొదటి మార్గమున నడచువాడు. వాని కాళ్ళు నొచ్చును. చేతిలోని పని చెడును. టపా వచ్చునది మాత్రము దినమునకు ఒక్కసారియే. కంప్యూటరులోను అంతే. మార్పు ఉన్నను లేకున్నను ప్రాసెసరు మాటిమాటికి మేల్కొనవలసి వచ్చును. మేల్కొన్నప్పుడెల్ల బ్యాటరీ ఖర్చగును. అందుచేత, మార్పు కలిగినప్పుడు కబురంపుమని ముందుగా పేరు నమోదు చేయించుకొని నిదురించుట మేలని ఇంజనీర్లు తలచిరి. అది నిజమే. అయితే నిదురించువాని క్షేమము కబురు తెచ్చువానిపై ఆధారపడియుండును. కబురు దారిలో తప్పిపోయినచో? రెండు కబుర్లు కలిసి ఒకటియైనచో? చెవిని బడునప్పటికే అది పాతదైనచో? చిక్కంతయు ఇచ్చటనే యున్నది.

1969లో అమెరికాలోని బెల్ లేబొరేటరీస్‌లో ప్రారంభమైన యూనిక్స్ వ్యవస్థలో ఇట్టి కబుర్లకు సిగ్నలులని పేరు. వానిలో ఒకదాని పేరు సిగ్‌హప్. హ్యాంగప్, అనగా టెలిఫోను పెట్టివేయుట, అను మాటనుండి ఆ పేరు వచ్చినది. టెలిఫోను తీగ ద్వారా కంప్యూటరుతో పనిచేయుచున్నవాని లైను తెగినచో, వాని ప్రోగ్రామునకు ఆ సిగ్నలు అందును. తరువాతి కాలమున, వెనుక నుండి సేవచేయు సర్వరు ప్రోగ్రాములలో అనేకము ఆ సిగ్నలునే “నీ అమరికల ఫైలును తిరిగి చదువుకొనుము” అను అర్థమున వాడుకొన్నవి. ఇచ్చట గమనింపదగిన విశేషమొకటి కలదు. ఏ అమరిక మారినదో సిగ్నలు చెప్పదు. తలుపు తట్టుటతో దాని పని సరి. తలుపు తీసి చూచుకొనుట విన్నవాని పని.

మఱియొక సిగ్నలు కలదు. ఒక ప్రోగ్రాము తాను పుట్టించిన ఉపప్రోగ్రాము ముగిసినప్పుడు అది వచ్చును. ఈ జాతి సిగ్నలులు వరుసలో నిలిచి యుండవు. మొదటిది అందకముందే అట్టిదే మఱియొకటి వచ్చినచో, రెండును కలిసి ఒక్కటిగానే అందును. మూడు ఉపప్రోగ్రాములు ఒక్కసారి ముగిసినచో ఒక్క సిగ్నలే రావచ్చును. సిగ్నలునకు ఒక ఉపప్రోగ్రాము చొప్పున లెక్కవేయువాడు రెండింటిని మరచినవాడగును. సిగ్నలు అందగానే, ముగిసినవారెందరని అడిగి, ఇక ఎవ్వరును లేరను జవాబు వచ్చువరకు అడుగుచుండువాని లెక్క ఎన్నడును తప్పదు.

ఈ విద్యకంతకును మూలసూత్రము ఇదియే: కబురు వేరు, స్థితి వేరు. రేడియోలో పనిచేయు మాబోటివారికి ఇది దినదినానుభవము. ఒక్కసారి ప్రసారమైన మాట గాలిలో కలిసిపోవును. ఆలస్యముగా రేడియో పెట్టినవాడు దానిని వినలేదు. అందుచేతనే తుఫాను రోజులలో “తుఫాను దిశ మార్చుకొన్నది” అని మాత్రమే చెప్పి ఊరకుండము. ప్రస్తుతము తుఫాను ఎచ్చట నున్నది, ఎటు కదలుచున్నది అను సంగతిని ప్రతి బులెటినులోను మొదటినుండి చెప్పుదుము. అట్లే, మంచి ఆపరేటింగ్ సిస్టమ్ “మారినది” అని కబురంపుటతో తృప్తిపడక, “ఇప్పుడెట్లున్నది” అని ఎవరు ఎప్పుడు అడిగినను జవాబు చెప్పుటకు ఏర్పాటు చేయవలెను. అప్లికేషను కూడ కబురును సాక్ష్యముగా గాక సూచనగా గ్రహించి, అసలు స్థితిని అడిగి తెలిసికొనవలెను.

ఇందులో క్రమము కూడ ముఖ్యము. మొదట స్థితిని అడిగి, పిదప కబుర్లకై పేరు నమోదు చేయించుకొన్నచో, ఆ రెండింటి నడుమ కలిగిన మార్పు ఎవ్వరికిని తెలియకుండ జారిపోవును. మొదట పేరు నమోదు చేయించుకొని, పిదప అడుగవలెను. అప్పుడు ఒకే సంగతి రెండుమారులు తెలిసిన తెలియవచ్చును గాని, తెలియకపోవుట యుండదు.

కబుర్లు తప్పిపోవుట అనివార్యమైనప్పుడు ఆ సంగతిని దాచుట తగదు. లినక్స్‌లో 2005లో ప్రవేశపెట్టబడిన ఐనోటిఫై అను ఏర్పాటు, ఫైళ్ళలో కలుగు మార్పులను తెలియజేయును. మార్పులు వెల్లువగా వచ్చి నిలువచేయు వరుస నిండిపోయినచో, కొన్ని కబుర్లు జారవిడువక తప్పదు. అట్టి సమయమున అది “వరుస పొంగిపోయినది” అని ఒక ప్రత్యేకమైన కబురు పంపును. అది విన్న ప్రోగ్రాము తన పాత లెక్కలను నమ్మక, ఫైళ్ళను తిరిగి మొదటినుండి చూచుకొనును. అన్నియు చెప్పితినని నటించుటకంటె, కొన్ని చెప్పలేకపోతినని ఒప్పుకొను ఏర్పాటు నమ్మదగినది.

ఇక ఎవరికి చెప్పవలెనన్నది మఱియొక ప్రశ్న. ఊరిలో టముకు వేయించుట సులభమే. కాని, అర్ధరాత్రి టముకు వేయించినచో పనియున్నవాడును లేనివాడును అందరును లేచి కూర్చుందురు. ఆండ్రాయిడ్ ఫోనులలో ఇట్లే జరిగినది. నెట్‌వర్కు మారినప్పుడెల్ల, కెమెరాతో ఫోటో తీసినప్పుడెల్ల చాటింపు వెలువడెడిది. పేరు నమోదు చేసికొన్న అప్లికేషనులన్నియు, అంతవరకు నడువకున్నను, ఒక్కుమ్మడిగా మేల్కొనెడివి. మెమరీ ఇరుకై ఫోను మందగించెడిది, బ్యాటరీ కరిగెడిది. తక్కువ మెమరీగల చౌక ఫోనులకే ఈ బాధ అధికము. అందుచేత 2016లో వచ్చిన ఆండ్రాయిడ్ 7.0లో, ఫోటో తీసినట్లు వేయు చాటింపును తొలగించిరి. నెట్‌వర్కు మార్పునకై నిద్రలోనున్న అప్లికేషనులను లేపుటను, ఆ సంచికకై తయారైన వానికి, మాన్పించిరి. 2017లో వచ్చిన 8.0లో ఈ నియమమును చాటింపులలో అధిక భాగమునకు విస్తరింపజేసిరి. దానికి బదులుగా 2014 నుండియే ఒక మార్గము కలదు. “వైఫై ఉండి, చార్జరు తగిలించియున్నప్పుడు నా పని చేయింపుము” అని అప్లికేషను తన షరతులను వ్రాసియిచ్చును. ఆ వేళ చూచి లేపుట ఆపరేటింగ్ సిస్టమ్ వంతు.

చాటింపు వేయుటలో నిదానము కూడ అవసరము. బ్యాటరీ 15 శాతము చేరినప్పుడు “తగ్గినది” అని, 16 కాగానే “బాగున్నది” అని చెప్పినచో, ఆ గీత దగ్గర ఊగిసలాడు ఫోను గంటకు ఇరువదిమారులు కేకలు వేయును. 15కు దిగినప్పుడు హెచ్చరించి, 20 దాటిన పిదపనే బాగున్నదని చెప్పుట వివేకము.

చివరి ప్రశ్న: మార్పు జరుగకముందు చెప్పవలెనా, జరిగిన పిదపనా? ముందు చెప్పినచో వినువారి అనుమతికై వేచియుండవలెనా? 2001లో వచ్చిన విండోస్ ఎక్స్‌పీ కంప్యూటరును నిద్రపుచ్చుటకు ముందు అప్లికేషనులను అనుమతి యడిగెడిది. ఏ ఒక్కటి వలదన్నను నిద్ర ఆగిపోవుటకు వీలుండెను. మూత మూసి సంచిలో పెట్టిన ల్యాప్‌టాప్ లోపల మేలుకొనియే యుండి, వేడెక్కి, బ్యాటరీని తినివేయుటకు ఇట్టి నిరాకరణము చాలును. 2007లో ప్రజలకందిన విండోస్ విస్టాలో ఆ అనుమతి యడుగుటను తొలగించిరి. అప్పటినుండి నిద్రకు పోవుచున్నామని తెలియజేయుటయే గాని, అడుగుట లేదు. సర్దుకొనుటకు సుమారు రెండు సెకనుల వ్యవధి మాత్రము లభించును. నిర్ణయము యజమానిది, అప్లికేషనునకు దక్కునది వ్యవధియే గాని అధికారము కాదు.

రెండు సెకనులలో పెద్ద పనులు సాగవు. కావున వివేకముగల అప్లికేషను కబురు వచ్చువరకు ఆగక, మనము వ్రాయుచున్నదానిని అప్పటికప్పుడు భద్రపరచుచుండును. విద్యుత్తు హఠాత్తుగా ఆగినచో ఏ కబురును రాదని దానికి తెలియును.

కావున చెప్పువాడు క్లుప్తముగా, పనియున్నవారికే, తాను చెప్పలేకపోయినది దాచకుండ చెప్పవలెను. వినువాడు వినినంతనే నమ్మక, పోయి చూచుకొనవలెను. వినకపోయినను చెడిపోకుండునట్లు తన ఇల్లు సర్దుకొని యుండవలెను. ఈ రెండు మర్యాదలును పాటింపబడినచోట ఫోను పట్టుకొన్న మనిషికి వీని సంగతి తెలియనే తెలియదు. వాని ఉత్తరము వ్రాసినది వ్రాసినట్లుండును. సాయంకాలము ఇల్లు చేరువరకు వాని ఫోనులో ప్రాణముండును.