గోదావరి రేవులో నా బాల్యము
(వార్షిక మహాసభయందు చేసిన యుపన్యాసము)



ఈ మహాసభయందు రెండు మాటలు చెప్పవలసినదని కార్యదర్శిగారు కోరినపుడు, కులచరిత్రమును గూర్చి చెప్పవలయునా, విద్యాభివృద్ధిని గూర్చి చెప్పవలయునా యని కొంత సందేహించితిని. ఆ రెండింటిని గూర్చియు నాకంటె నెక్కువ తెలిసినవారు ఈ వేదికమీదనే యున్నారు. నేను ముప్పదియైదేండ్లు బడిపిల్లలకు సంస్కృతాంధ్రములు చెప్పి 2020లో విరమించినవాడను. నేను స్వయముగా నెరిగినది ఒక్కటే కలదు. అది నేను పుట్టి పెరిగిన రాజమహేంద్రవరపు రేవు. ఆ రేవును గూర్చియే విన్నవింతును. అందు నా తప్పిద మొకటి కలదు. దానిని మీ యెదుట చెప్పుకొనుటయే నేడు నేను వచ్చిన పని.

గోదావరి త్ర్యంబకమున పుట్టి 1465 కిలోమీటర్లు నడచి సముద్రమున గలయుచున్నది. పాపికొండల నడుమ నిరుకున బడి వచ్చిన యా నీరు, పోలవరము దాటిన పిదప విచ్చుకొని, మా యూరిముందర నావలిగట్టు మసక మసకగా మాత్రమే కానవచ్చునంత వెడల్పగును. దిగువను ధవళేశ్వరమున కాటను దొరగారు 1847 మొదలు 1852 వరకు కట్టించిన యానకట్ట యుండుటచేత, మండువేసవిలోను మా రేవున పడవ యాడుటకు నీరుండెడిది. 1900లో ఏబదియారు ఖానాల రైలువంతెన వెలసినది. 1997 వరకు దానిమీద రైళ్లు నడచినవి. కాని నా చిన్ననాట బండ్లకును, పశువులకును, బస్తాలకును, రైలువేళకు అందని మనుష్యులకును కొవ్వూరు దాటుటకు పడవయు, లాంచియు, పంటుయే దిక్కు. ఆ దాటింపే మా యింటి జీవనము.

నేను 1960లో జన్మించితిని. తెలవారకమునుపే మా రేవు మేలుకొనెడిది. లంకలనుండి పాలకుండలును, దోసకాయల గంపలును, వంకాయల గంపలును, పొగాకు మండెలును దించుకొని మొదటి పడవలు వచ్చెడివి. ఒక ప్రక్క చాకళ్లు బండలమీద బట్టలు బాదుచుండగా, వేరొక ప్రక్క పురోహితులు స్నానము చేయువారికి సంకల్పము చెప్పుచుందురు. ఎగువ మన్యమునుండి వెదుళ్లను, కలపదుంగలను తెప్పలుగా గట్టి తేల్చుకొనివచ్చినవారు, దినములతరబడి నీళ్లలో నానిన కాళ్లతో గట్టెక్కి, రాళ్లపొయ్యి రాజేసి గంజి కాచుకొందురు. ఇసుక మోయువారి కేకలు, లాంచి కూత, వంతెనమీద రైలు చప్పుడు, వీనినిబట్టియే మాకు వేళ తెలియును. మా యింట గడియారము లేదు.

మా తండ్రిగారి పడవ టేకుపలకలది. వేసవిలో దానిని గట్టునకు లాగి బోర్లించి, పలకల సందులలో నార కూరి, నూనెలో కాచిన గుగ్గిలము పూసెడివారు. ఆ వాసన నేటికిని నా ముక్కున నున్నది. ఇంటిల్లిపాదికిని అందులో పని కలదు. నార పేనుట నాయనమ్మ వంతు, తెరచాప చిరుగులు కుట్టుట మా యమ్మ వంతు, గుగ్గిలపు మూకుడు క్రింద మంట చూచుట నా వంతు. మంట మితిమీరినచో గుగ్గిలము పాడగును, తక్కువైనచో అంటదు. బడిలో దెబ్బలు తినని నేను, ఆ పొయ్యి దగ్గర రెండుమారులు తింటిని.

ఆషాఢమున ఎర్రనీరు దిగెడిది. ఆ దినములలో ఊరివారందరు పులస వచ్చెనా యని యడుగుచుందురు. సముద్రమున ఇలసయనబడు చేప, గ్రుడ్లు పెట్టుటకై వరదనీటి కెదురీది వచ్చి, గోదావరి నీటి రుచి మరగి పులసయైనదని మావారు చెప్పెడివారు. పుస్తెలమ్మియైన పులస తినవలెనను సామెత మీరెరిగినదే. పట్టినవారి యిండ్లలో మాత్రము దానిని తినుట యరుదు. అది వచ్చిన వెలకు అమ్ముడుపోయి, వడ్డివ్యాపారి పద్దులో జమయగుచుండెను. 1967 పుష్కరములలో పండ్రెండు దినములు మా తండ్రిగారు కంటికి కునుకు లేక జనమును దాటించిరి. ఆ సొమ్ముతో పడవమీది యప్పు తీరినది. అప్పు తీరినదని విని మా నాయనమ్మ గోదావరికి పసుపు కుంకుమ లిచ్చి, గట్టుమీద కూర్చుండి చాలసేపు ఏడ్చినది. సంతోషమునను ఏడ్తురని నాకు అప్పుడే తెలిసినది.

సోదరులారా! గడచిన కాలమంతయు బంగారమని నేను చెప్పను. 1968 వరదలలో ఒక రాత్రి కొవ్వూరి గట్టున ఒక యిల్లాలు ప్రసవవేదన పడుచుండగా, రాజమహేంద్రవరము ఆసుపత్రికి దాటింపవలసినదని ఆవలనుండి లాంతరు ఊపిరి. తెల్లవారువరకు రైలు లేదు. మా తండ్రిగారు పడవ త్రాడు చేత బట్టుకొని నీటివైపు చాలసేపు చూచి, మరల గుంజకు కట్టివేసిరి. ఆ గాలిలో విప్పినచో పోవువారును మునుగుదురు, తెచ్చువారును మునుగుదురు. ఉదయమునకు ఆవల లాంతరు లేదు. ఆ తల్లి బ్రదుకలేదని మూడవనాడు తెలిసినది. ఆ గుంజకు పడవ కట్టినప్పుడెల్ల ఆయన ఒక్క క్షణము ఊరకుండెడివారు.

1972లో నన్ను కొవ్వూరిలో ఒక పాఠశాలయందు చేర్చిరి. కొవ్వూరు గోష్పాదక్షేత్రము; సంస్కృతవిద్యకు పేరుపొందిన యూరు. ప్రవేశపత్రమున తండ్రి వృత్తి యను గడి యుండెను. ప్రక్కబాలుడు కరణీకమని వ్రాసెను. నేను కలము పట్టుకొని కొంత తడసి, వ్యవసాయమని వ్రాసితిని. మాకు సెంటు భూమి లేదు. ఆ యబద్ధము వ్రాసిన పిదప, అదే సాయంకాలము, ఆ వృత్తితోనే ఇల్లు చేరితిని. పడవ నడుపుచున్న తండ్రికి నేనా మాట చెప్పలేదు.

మరుసటియేడు మా గురువుగారు అమరకోశమున వారివర్గము చెప్పుచుండిరి. నౌః, తరణిః, తరిః అని పడవ పేర్లైనవి. అరిత్రము, క్షేపణి యను పనిముట్లైనవి. కర్ణధారశబ్దము రాగా, కర్ణ మనగా నిచట చెవి కాదు, చుక్కాని యని చెప్పి, చుక్కాని పట్టుట యెట్లో యెవరు చెప్పగలరని అడుగుచు నావైపు చూచిరి. ప్రతిదినము మా పడవలోనే వచ్చు నన్ను ఆయన యెరుగకుందురా? నేను లేచి నిలబడితిని. నోట మాట రాలేదు. తెలియక కాదు, తెలిసినదని తోడిబాలురకు తెలియునను సిగ్గుచేత. ఆయన ఏమియు ననక కూర్చుండుమనిరి.

ఆ ఆదివారము గురువుగారు తామే పడవయెక్కిరి. ఆవలిగట్టు చేరువరకు మా తండ్రిగారిని ప్రశ్నించుచు, చిన్న పుస్తకమున వ్రాసికొనుచుండిరి. "సుడికి మా కోశమున ఆవర్తమని పేరున్నది. మీరేమందురు?" అని యడిగిరి. మా తండ్రిగారు నవ్వి, "సుడి ఒకటి కాదండీ అయ్యవారూ. అడుగున బండ ఉంటే ఒక సుడి, రెండు పాయలు కలిస్తే ఒక సుడి, మేట విరిగితే ఒక సుడి. దేని చప్పుడు దానిదే. అందులో పడ్డాక కొట్టుకోకూడదు. అది తిప్పినట్టు తిరిగి, అంచుకి వచ్చినప్పుడు వాలుకి తోసుకుపోవాలి" అనిరి. వడి వేరు, జాలు వేరు, వాలు వేరు. మేట వేరు, తిప్ప వేరు. ఇట్లు గట్టు చేరులోపల ఆయన చెప్పిన మాటలతో గురువుగారికి రెండు పుటలు నిండినవి. దిగునపుడు ఆ వృద్ధపండితులు మా తండ్రిగారికి నమస్కరించిరి. రేవున నున్నవారందరు చూచిరి.

ఆ రాత్రి భోజనమువేళ మా తండ్రిగారు నన్ను జూచి, "మీ అయ్యవారు అడిగారురా. నువ్వెప్పుడూ అడగలేదేం?" అనిరి. కోపముతో ననలేదు. తెలిసికొనగోరియే యడిగిరి. నేటికిని ఆ ప్రశ్నకు నాయొద్ద ప్రత్యుత్తరము లేదు.

1974లో రైలును రోడ్డును గల క్రొత్త వంతెన తెరువబడినది. నాలుగు కిలోమీటర్లకు పైబడిన యా వంతెనను మొదటినుండి చివరవరకు నడచి చూతమని మా తండ్రిగారు నన్ను దీసికొనిపోయిరి. నడుమ నిలిచి, తాము ఇరువదియేండ్లుగా పడవ నడపిన త్రోవను పైనుండి చూచిరి. "ఇక్కణ్ణుంచి సుడి కనబడుతోందిరా. పడవలోంచి ఇంత బాగా కనబడేది కాదు, వినబడేది" అనిరి. కొంతసేపటికి, "ఇది ఆరేళ్ల ముందు కట్టివుంటే ఆ తల్లి బతికేది" అనిరి. తన కూడు పడగొట్టిన వంతెననుగూర్చి ఆయన జీవితమున అనినది ఆ రెండు మాటలే. బస్సులు నడువ మొదలిడిన పిదప రెండేండ్లలో పడవయెక్కువారు కరవైరి. పడవను పలకలుగా విప్పి యమ్మితిమి. పిమ్మట ఆయన ఒక కలపయడితిలో రాత్రికాపలాకు కుదిరిరి. అందు వచ్చిన జీతముతో నన్ను చదివించిరి. రేవున పనిచేసిన మన కుటుంబములు కొన్ని రిక్షా త్రొక్కినవి, కొన్ని యిసుక మోసినవి, కొన్ని ఊరు విడిచినవి. ఇది మీలో పెక్కండ్ర యిండ్ల కథయే.

1986 ఆగస్టు వరద మీకు జ్ఞాపకమే. ధవళేశ్వరమున 35 లక్షల క్యూసెక్కుల నీరు పారినది. లంకలు మునిగినవి. అప్పటికి నేను ఉద్యోగమున చేరి ఏడాది. మా తండ్రిగారికి అరువదియేండ్లు. ఒక లంకలో జనము పాకలమీదికెక్కి యున్నారని, పడవలున్నను త్రోవ యెరిగినవారు లేరని రాత్రి కబురు వచ్చినది. ఆయన కాపలాకఱ్ఱ గోడకు చేర్చి బయలుదేరిరి. నేను వెంటనంటితిని. ముందుకొమ్మున కూర్చుండి, దీపము వలదని యార్పించి, చప్పుడునుబట్టి పడవను నడిపించిరి. "ఇది పాయలు కలిసే సుడి, ఎడమకి పట్టండి" అనుచుండిరి. తెల్లవారులోపల నాలుగుమారులు పోయి వచ్చితిమి. 1968 నాటి లాంతరు ఆయన మనస్సున ఆ రాత్రి కొంత ఆరినదని నేను తలంతును.

ఆ తరువాత నేను పుస్తకము కొని ఆయన మాటలు వ్రాయ మొదలిడితిని. కాని ఉద్యోగము, సంసారము, బదిలీలు, రేపు వ్రాయవచ్చునను సోమరితనము, ఇవి యడ్డమైనవి. 1993లో ఆయన గతించునాటికి నా పుస్తకమున ఎక్కిన మాటలు అరువదిమూడు. గాలులపేర్లు సగమే వచ్చినవి. సుడుల చప్పుళ్లను వ్రాయుట కసలు పూనుకొననే లేదు. అమరకోశమును మూడు కాండలు వల్లించిన నాకు, ఇంటిలోనున్న కోశమును పూర్తిగా చదువుటకు తీరిక లేకపోయినది.

మన సభలలో గుహుని తలతుము, సత్యవతిని తలతుము. తలపవలసినదే. వేదములను విభజించిన మహర్షి పడవ నడపిన కన్యకు యమునలోని దీవిలో జనించినవాడు. ద్వైపాయనుడనగా మన భాషలో లంకలో పుట్టినవాడని యర్థము. కాని యుగముల నాటి గుహుని స్తుతించి, నిన్నమొన్నటి తండ్రివృత్తిని ప్రవేశపత్రమున దాచుకొనువారికి ఆ స్తుతివలన ఫలమేమి? ఈ మాట ఇతరుల ననుట లేదు. పండ్రెండేండ్ల ప్రాయమున దాచినవాడను నేనే.

కావున మూడు విన్నపములు. మొదటిది: మీ యిండ్లలో పడవ నడపిన, వల వేసిన పెద్దలు ఇంకను కొందరున్నారు. వారు చెప్పగా ఒక్కొక్క పుస్తకము వ్రాయింపుడు. పిల్లల చేతనే వ్రాయింపుడు. అడుగుట వారికి అలవాటగును. రెండవది: ఈ సంచికయందు ఏటేట నాలుగు పుటలు ఆ మాటలకై విడువవలసినదని సంపాదకవర్గమును వేడుచున్నాను. మూడవది: మన పిల్లలకు, ఆడపిల్లలకు గూడ, ఈత నేర్పుడు. వృత్తి పోవచ్చును, నది పోలేదు, వరద పోలేదు.

పోషకులు విద్యార్థివేతనములకు విరాళము లిచ్చుచున్నారు. నాకు ఈయదగిన ధనము లేదు. ఆ యరువదిమూడు మాటల పుస్తకమును నేడు సంఘ గ్రంథాలయమునకు సమర్పించుచున్నాను. అందు సగమునకు పైగా పుటలు తెల్లగానే యున్నవి. పూరించుట మీ వంతు. దాని మొదటి పుటపై మా తండ్రిగారి పేరు వ్రాసి, క్రింద వృత్తి యనుచోట కర్ణధారుడని వ్రాసితిని. ముప్పదియైదేండ్లు పిల్లల తప్పులు దిద్దిన చేతితో, ఆ చిన్ననాటి తప్పును దిద్దుకొనుటకు నాకు ఇంతకాలము పట్టినది.