ఉచితం 2016 జూలై 29 వరకే

2016లో మీ కంప్యూటర్ విండోస్ 7 మీదో, 8.1 మీదో నడుస్తూ ఉండి ఉంటే, తెర మీద కింద కుడి మూలన విండోస్ గుర్తు ఒకటి నెలల తరబడి మిమ్మల్ని పలకరించి ఉండొచ్చు. విసుగు పుట్టించే పలకరింపే, కాదనను. కానీ విషయం నిజం. విండోస్ 10కు ఉచితంగా మారే గడువు 2016 జూలై 29తో ముగిసింది. ఆ తర్వాత కొనుక్కోవాలన్నది నియమం. అప్పట్లో అమెరికాలో హోమ్ ఎడిషన్ ధర 119 డాలర్లు. ఎక్స్‌పీ, విస్టా ఉన్నవాళ్లకు ఉచితంగా మారే అవకాశం ఉండేది కాదు.

మారేముందు పిల్లల ఫొటోలు, ఇంటి కాగితాల స్కాన్‌లు వేరే హార్డ్‌డిస్క్‌లోకి కాపీ చేసుకోవాల్సి ఉండేది. ఈ పని మాత్రం వాయిదా వేయకూడనిది. డౌన్‌లోడ్ సుమారు 3 జీబీ ఉండేది కాబట్టి నెట్ ప్యాక్ ఎంతుందో చూసుకోవాల్సి వచ్చేది. డిస్క్‌లో 20 జీబీ దాకా ఖాళీ ఉంచాల్సి వచ్చేది. మధ్యలో కరెంటు పోతే చిక్కే, యూపీఎస్ ఉంటే మేలు. పాత తెలుగు ఫాంట్లతో డీటీపీ చేసేవాళ్లు తమ సాఫ్ట్‌వేర్ కొత్తదానిలో పనిచేస్తుందో లేదో ముందే కనుక్కోవాల్సి వచ్చేది.

నచ్చకపోతే? నెలలోపు సెట్టింగ్స్‌లోకి వెళ్లి పాతదానికి తిరిగి వచ్చే వీలుండేది. అసలు లాభం ఇక్కడే ఉండేది: ఒకసారి మారితే విండోస్ 10 వాడే హక్కు ఆ యంత్రానికి నమోదై ఉండేది. వెనక్కి వచ్చినా, తర్వాత అదే కంప్యూటర్‌లో విండోస్ 10 మళ్లీ ఉచితంగా వేసుకునే వీలుండేది.

విండోస్ 7కు భద్రతా అప్‌డేట్లు 2020 జనవరి దాకా వచ్చాయి. అందుకని అప్పుడు మారనివాళ్లు వెంటనే కంగారు పడనక్కర్లేకపోయింది. మారదామనుకున్నవాళ్లు మాత్రం చివరి రోజు దాకా ఆగకపోవడమే మేలుగా ఉండేది.