కామిక్స్ అభిమానుల వాదన: స్వతంత్ర ప్రచురణల బొమ్మల కథలను చూడటం ఎలా?



అమెరికాలో కామిక్స్ దుకాణాలకు బుధవారం సంత రోజు లాంటిది. కొత్త సంచికలు ఎక్కువగా ఆ రోజే వస్తాయి. వాటిని కొనడానికి వచ్చినవాళ్ళు వెంటనే ఇంటిదారి పట్టరు. పుస్తకాల అరల ముందు నిలబడి వాదించుకుంటారు. సూపర్‌మ్యాన్ గొప్పా, స్పైడర్‌మ్యాన్ గొప్పా అన్నది పాత తగువు. నలభై ఏళ్ళుగా దాని పక్కనే ఇంకొకటి నడుస్తోంది: ఏ స్వతంత్ర ప్రచురణ సంస్థ గొప్పది? ఒకరు ఫాంటాగ్రాఫిక్స్ అంటారు, ఒకరు డ్రాన్ అండ్ క్వార్టర్లీ అంటారు. ఇమేజ్ కోసం గొంతు చించుకునేవాళ్ళున్నారు, డార్క్ హార్స్‌ను వదిలిపెట్టనివాళ్ళున్నారు.

తెలుగు పాఠకుడు సాధారణంగా రచయిత పేరు చూసి పుస్తకం కొంటాడు. ప్రచురణకర్త పేరు మీద ఇంత పట్టుదలేమిటని అతనికి అనిపించవచ్చు. కానీ ఈ తగువులో అర్థముంది. కథ ఎవరి సొంతం, సంచిక ఎప్పుడు రావాలి, పేజీ ఎంత పెద్దది, రంగులుండాలా వద్దా, కథను ఎప్పుడు ముగించాలి అన్న నిర్ణయాలన్నీ కామిక్స్‌లో నేరుగా బొమ్మలోకి వచ్చేస్తాయి. ఆ నిర్ణయాలను పేజీలో గుర్తుపట్టగలిగితే ఈ కళను ఆస్వాదించడం సగం వచ్చినట్టే.

ముందు కాస్త చరిత్ర. 1938లో జెర్రీ సీగెల్, జో షుస్టర్ అనే ఇద్దరు కుర్రాళ్ళు సూపర్‌మ్యాన్ హక్కులను 130 డాలర్లకు అమ్మేశారు. ఆ పాత్ర మీద వచ్చిన కోట్ల డాలర్లు కంపెనీకే చేరాయి. పెద్ద కంపెనీల్లో పని నడిచే తీరు కూడా అలాంటిదే. ఒకరు కథ రాస్తారు, ఒకరు పెన్సిల్‌తో గీస్తారు, ఒకరు దాని మీద సిరా దిద్దుతారు, రంగులు వేసేది వేరొకరు, అక్షరాలు రాసేది ఇంకొకరు. పేజీకి ఇంతని కూలి ముడుతుంది, పాత్ర మాత్రం కంపెనీ ఆస్తి. మార్వెల్ పాత్రల్లో ఎన్నింటికో రూపమిచ్చిన జాక్ కర్బీ 1980లలో తాను గీసిన అసలు బొమ్మలు తనకు తిరిగి ఇమ్మని పోరాడవలసి వచ్చింది.

ఈ పద్ధతికి బయట నిలబడటానికి చోటు ఇచ్చింది ఒక వ్యాపార మార్పు. అంతకుముందు కామిక్స్ పత్రికల దుకాణాల్లో అమ్ముడయ్యేవి, మిగిలిన కాపీలు వెనక్కి వచ్చేవి. 1970లలో ఫిల్ స్యూలింగ్ అనే న్యూయార్క్ వ్యాపారి వేరే ఏర్పాటు చేశాడు. కామిక్స్ దుకాణాలు ఎక్కువ తగ్గింపు ధరకు సరుకు కొంటాయి, కానీ మిగిలినవి వెనక్కి ఇవ్వవు. దాంతో ఎన్ని కాపీలు కావాలో అచ్చు వేయకముందే తెలిసేది. చేతిలో పెద్ద పెట్టుబడి లేనివాడు కూడా ధైర్యం చేయగలిగాడు. కెనడాలో డేవ్ సిమ్ 1977లో ‘సెరెబస్’ను సొంతంగా మొదలుపెట్టి, 2004లో 300వ సంచికతో ముగించాడు. జెఫ్ స్మిత్ 1991లో సొంతంగా మొదలుపెట్టిన ‘బోన్’ 55 సంచికలు నడిచింది.

ఇక వాదనలోకి వద్దాం.

ఫాంటాగ్రాఫిక్స్ 1976లో మొదలైంది. గ్యారీ గ్రోత్, మైక్ కాట్రన్ దాని స్థాపకులు. మరుసటి ఏడాది కిమ్ థాంప్సన్ చేరాడు. మొదట వాళ్ళు నడిపింది ‘ది కామిక్స్ జర్నల్’ అనే విమర్శ పత్రిక. కామిక్స్‌ను సాహిత్యమంత గట్టిగా విమర్శించాలన్నది ఆ పత్రిక పట్టుదల. కర్బీ తరఫున గొంతెత్తినదీ అదే. 1981లో కాలిఫోర్నియాలోని ఆక్స్‌నార్డ్ ఊరి నుంచి హెర్నాండెజ్ సోదరులు తాము సొంతంగా అచ్చు వేసుకున్న ‘లవ్ అండ్ రాకెట్స్’ కాపీని సమీక్ష కోసం ఆ పత్రికకు పంపారు. గ్రోత్ సమీక్షతో ఆగలేదు. 1982 నుంచి ఆ పుస్తకాన్ని తామే ప్రచురించారు.

జైమీ హెర్నాండెజ్ గీసిన పేజీని ఒకసారి మనసులో ఊహించుకోండి. నలుపు, తెలుపు, అంతే. నీడ కోసం సన్నగీతలు పెద్దగా ఉండవు. నలుపు ఉన్నచోట చిక్కగా నిండుగా ఉంటుంది, మిగతాదంతా శుభ్రమైన గీత. ఒక గడిలో మ్యాగీ అనే అమ్మాయి ఎవరితోనో మాట్లాడుతుంటుంది, పక్క గడిలో ఏళ్ళు గడిచిపోయి ఉంటాయి. ‘కొన్నేళ్ళ తరువాత’ అన్న మాట ఎక్కడా ఉండదు. జుట్టు తీరు, ఒళ్ళు, నిలబడే పద్ధతి చూసి పాఠకుడే తెలుసుకోవాలి. గడికీ గడికీ నడుమ ఉన్న ఆ ఖాళీలో పాఠకుడి బుద్ధి చేసే పనే ఈ కళకు ప్రాణమని స్కాట్ మెక్‌క్లౌడ్ 1993లో తన ‘అండర్‌స్టాండింగ్ కామిక్స్’లో వివరించాడు. ఇంకో సంగతి. సూపర్‌మ్యాన్‌కు ఎనభై ఏళ్ళు దాటినా ముసలితనం రాదు. మ్యాగీ పాఠకులతోపాటే పెరిగింది. 1980ల తొలిరోజుల్లో పంక్ సంగీతం వింటూ తిరిగిన పిల్ల ఇప్పుడు నడివయసు దాటిన మనిషి. గీసిన చేయి అదే, హక్కూ అదే చేతిలో ఉంది కాబట్టి ఆమెకు వయసు వచ్చింది.

అదే సంస్థ నుంచి 1993, 1995 మధ్య తొమ్మిది సంచికలుగా వచ్చిన ‘పాలస్తీన్’ మరో దారి తెరిచింది. జో సాకో పాత్రికేయుడు. 1991-92 చలికాలంలో గాజాలో, వెస్ట్ బ్యాంక్‌లో తిరిగి, అక్కడివాళ్ళు చెప్పింది విని, చూసింది గీశాడు. అందులో ఒక ఖైదీ విచారణ ఘట్టం ఉంది. మొదట పేజీలో కొన్ని పెద్ద గడులే ఉంటాయి. రోజులు గడిచేకొద్దీ గడులు చిన్నవవుతాయి, లెక్క పెరుగుతుంది. చివరికి పేజీ మొత్తం చిన్న చిన్న గడులతో కిక్కిరిసిపోతుంది. ఆ మనిషి చుట్టూ గోడలు దగ్గరవుతున్నట్టు చదివేవాడికి ఊపిరాడదు. ఒక్క విశేషణం వాడకుండా హింసను చెప్పిన పద్ధతి అది.

ఈ సంస్థ మీద అభిమానులకు ఇంకో కృతజ్ఞత కూడా ఉంది. చార్ల్స్ షుల్జ్ 1950 నుంచి 2000 వరకు రోజూ గీసిన ‘పీనట్స్’ను మొత్తంగా, 2004 నుంచి పన్నెండేళ్ళపాటు వరుస సంపుటాలుగా తెచ్చింది. ఆ సంపుటాల అమ్మకాలే కొత్తవాళ్ళ పుస్తకాలకు అండగా నిలిచాయి.

డ్రాన్ అండ్ క్వార్టర్లీ కెనడాలోని మాంట్రియల్‌ది. క్రిస్ ఒలివెరోస్ 1989లో మొదలుపెట్టాడు. దీని అభిమానుల మాట ఒకటే: నెమ్మదిగా తయారైన పుస్తకం చేతిలో పట్టుకుంటేనే తెలుస్తుందని. అట్ట, కాగితం, సైజు అన్నీ ఆ కథ కోసమే ఎంచుకున్నట్టుంటాయి. ఇక్కడి కళాకారుల్లో జూలీ డూసే ఒకరు. తన చిన్న పుస్తకాలను మొదట తానే జిరాక్స్ తీసి పంచిన మనిషి. ఆమె గీసే గదుల్లో సీసాలు, బట్టలు, చెత్త అన్నీ మనుషులంత బలంగా పేజీని ఆక్రమిస్తాయి. ఒంటరి అమ్మాయి జీవితంలోని భయాలను, కలలను ఆమె దాపరికం లేకుండా గీసింది. 2022లో ఫ్రాన్స్‌లోని ఆంగులేమ్ ఉత్సవం ఆమెకు గ్రాండ్ ప్రి ఇచ్చింది.

డూసే పేజీ ఎంత కిక్కిరిసి ఉంటుందో, నిక్ డర్నాసో పేజీ అంత ఖాళీగా ఉంటుంది. 2018లో వచ్చిన అతని ‘సబ్రీనా’లో ముఖాలకు హావభావాలు దాదాపు ఉండవు, రంగులు వెలిసినట్టుంటాయి. ఒక హత్య చుట్టూ పుకార్లు అల్లుకునే కథ. కేకలు లేవు, ఏడుపులు లేవు. అందుకే భయం వేస్తుంది. బుకర్ బహుమతి తొలి జాబితాకెక్కిన మొదటి గ్రాఫిక్ నవల అదే. 2022లో కేట్ బీటన్ ‘డక్స్’ వచ్చింది. చదువు అప్పు తీర్చడానికి అల్బర్టా చమురు ఇసుక గనుల్లో పనిచేసిన తన రోజులను ఆమె గీసింది. యంత్రాల పక్కన మనుషులు ఎంత చిన్నగా ఉన్నారో చూడండి, సగం కథ అక్కడే అర్థమవుతుంది.

ఇమేజ్ అభిమానులు ఈ మాటలన్నీ విని తల అడ్డంగా ఊపుతారు. సాహిత్యం సరే, హక్కుల సంగతి తేల్చమంటారు. 1992లో టాడ్ మెక్‌ఫార్లేన్, జిమ్ లీ, ఎరిక్ లార్సెన్‌లతో సహా ఏడుగురు పేరున్న చిత్రకారులు మార్వెల్ నుంచి బయటికి వచ్చి ఇమేజ్ పెట్టారు. సూత్రం తేలికైనది. సంస్థ తన సేవకు రుసుము తీసుకుంటుంది, కథ, పాత్రలు సృష్టించినవాళ్ళవే. ‘స్పాన్’ మొదటి సంచిక 17 లక్షల కాపీలు అమ్ముడైంది. తొలి ఏళ్ళలో బొమ్మల్లో ఆర్భాటం ఎక్కువ, కథ తక్కువ, సంచికలు ఆలస్యం అన్న విమర్శ వచ్చింది. అది న్యాయమైన విమర్శే.

అయితే ఆ సూత్రం కథకు ఏమిచ్చిందో చూడాలంటే ‘ది వాకింగ్ డెడ్’ ముగింపు చూడాలి. రాబర్ట్ కర్క్‌మన్ 2003లో మొదలుపెట్టిన ఈ కథ 2019 జూలైలో 193వ సంచికతో ఉన్నట్టుండి ఆగిపోయింది. పాఠకులకు ముందస్తు కబురు లేదు. పైగా తరువాతి సంచికలకు కూడా ముఖచిత్రాలు గీయించి ప్రకటనలు ఇచ్చారు. తరువాతి పేజీలో ఏం జరుగుతుందో తెలియకపోవడమే ఆ కథకు ప్రాణం, ముగింపు కూడా అలాగే రావాలని కర్క్‌మన్ అనుకున్నాడు. లాభాలు తెచ్చిపెడుతున్న పుస్తకాన్ని అలా ఆపనిచ్చే పెద్ద కంపెనీ దొరకడం కష్టం. ఇమేజ్‌లోనే బ్రయన్ కె. వాన్, ఫియోనా స్టేపుల్స్ 2012లో ‘సాగా’ మొదలుపెట్టారు. యుద్ధంలో ఉన్న రెండు జాతులకు చెందిన భార్యాభర్తలు, వాళ్ళ పాప హేజెల్. పెద్దయిన హేజెల్ కథ చెబుతుంటుంది. ఆ మాటలు పెట్టెల్లో ఉండవు. స్టేపుల్స్ సొంత దస్తూరీలో బొమ్మ మీదే ఉంటాయి. బొమ్మ గీసిన చేయే ఆ మాటలు రాసింది కాబట్టి కథ చెప్పే గొంతు చెవి పక్కనే వినిపిస్తుంది. 2018లో ఇద్దరూ విశ్రాంతి తీసుకుని, మూడున్నరేళ్ళ తరువాత మళ్ళీ మొదలుపెట్టారు. పాఠకులు ఎదురుచూశారు.

డార్క్ హార్స్‌ను ఆరెగన్ రాష్ట్రంలో మైక్ రిచర్డ్‌సన్ 1986లో పెట్టాడు. సినిమాల పాత్రలతో కామిక్స్ తీసి డబ్బు సంపాదించడం, కళాకారుల సొంత కథలకు చోటివ్వడం, రెండూ చేసింది. దాని కిరీటంలో మణి మైక్ మిన్యోలా ‘హెల్‌బాయ్’. మిన్యోలా పేజీలో చీకటి ఎక్కువ. గది మొత్తం నల్లగా ఉంటుంది, ఒక విగ్రహం ముఖం, ఒక చేయి మాత్రం వెలుగులో ఉంటాయి. ఏమీ జరగని చిన్న గడులను అతను మధ్యలో పెడతాడు. ఒక పురుగు, ఒక పుర్రె, ఒక మెట్టు. చదివే వేగం అక్కడ తగ్గుతుంది. చూపు ఆ గడుల మీద నిలవకపోతే కథలోని నిశ్శబ్దం తప్పిపోతుంది.

ఇక్కడే అభిమానుల వాదన వేడెక్కుతుంది. స్వతంత్రం అంటే ఏమిటి? డార్క్ హార్స్‌ను 2022లో స్వీడన్ గేమ్స్ సంస్థ ఎంబ్రేసర్ కొనేసింది. ఇక అది స్వతంత్రమా? టాప్ షెల్ఫ్ అనే చిన్న సంస్థను 2015లో ఐడిడబ్ల్యు అనే మరో కామిక్స్ సంస్థ కొంది. ఆ మరుసటి ఏడాదే టాప్ షెల్ఫ్ పేరు మీద వచ్చిన ‘మార్చ్’ మూడో పుస్తకానికి నేషనల్ బుక్ అవార్డు దక్కింది. పౌరహక్కుల ఉద్యమ నాయకుడు జాన్ లూయిస్ జీవితకథ అది. కాబట్టి యజమాని మారినంత మాత్రాన పుస్తకం చెడుతుందని చెప్పలేం. ఈ వాదనలో బలమైన పక్షం కళాకారుడి ఒప్పందాన్ని చూడమనేది. సంస్థ ఎవరి చేతిలో ఉన్నా, కథను ఆపే హక్కు, సాగదీయకుండా ఉండే హక్కు గీసినవాడి దగ్గర ఉందా లేదా? ఇప్పటిదాకా చెప్పుకున్న మ్యాగీ వయసు, కర్క్‌మన్ ముగింపు, ‘సాగా’ విరామం ఆ పక్షానికే సాక్ష్యం చెబుతాయి.

మన దేశంలోనూ ఇలాంటి సాహసం జరిగింది. బుజ్జాయి ‘డుంబు’, అమర్ చిత్ర కథ చదివి పెరిగిన తెలుగువారు చూడదగిన పుస్తకం ‘భీమాయన’. కులవ్యతిరేక సాహిత్యానికి అంకితమైన నవయాన అనే చిన్న సంస్థ 2011లో దీన్ని ప్రచురించింది. అంబేద్కర్ జీవితంలోని ఘట్టాలను మధ్యప్రదేశ్‌కు చెందిన గోండు చిత్రకారులు దుర్గాబాయి వ్యామ్, సుభాష్ వ్యామ్ గీశారు. మనుషులను గడుల్లో బంధించబోమని వాళ్ళు ముందే చెప్పారు. ప్రచురణకర్త ఒప్పుకున్నాడు. అందుకే పేజీలను విడదీసేవి పెట్టెలు కావు, గోండులు తమ ఇళ్ళ గోడల మీదా నేల మీదా వేసే దిగ్నా అలంకారాలు. మృదువైన మాటల బుడగలకు పక్షి ఆకారం, కుల విషం చిమ్మే మాటల బుడగలకు తేలు కొండి. చిన్నప్పుడు అంబేద్కర్‌కు నీళ్ళు దొరకని ఘట్టంలో నీళ్ళ పంపుకు మనిషి పోలిక వస్తుంది.

ఇప్పుడు చెప్పిన పుస్తకాల్లో ఏదైనా దొరికితే మొదటిసారి కథ కోసం చదవండి. రెండోసారి మాటలు చదవకుండా బొమ్మలే చూడండి. గడులు ఎక్కడ పెరిగాయి, ఎక్కడ తగ్గాయి, నలుపు ఎక్కడ చేరింది, ఏ గడికీ ఏ గడికీ నడుమ కాలం దూకింది అన్నది గమనించండి. వీలైతే వేరే సంస్థ వేసిన ఇంకో పుస్తకాన్ని పక్కన పెట్టుకోండి. ‘పాలస్తీన్’లో గడులు బిగిసిన పేజీ, ‘భీమాయన’లో గడులే లేని పేజీ పక్కపక్కన పెడితే ఎక్కువసేపు పట్టదు, మీకూ ఒక పక్షం ఏర్పడుతుంది. ఆ పక్షాన వాదించడానికి మిత్రులను పిలవండి.